పెన్నకు మోసుకుపోయిన నీళ్లు

నరేంద్రను పెండ్లాం ఇంట్లోంచి వెళ్లగొట్టిందని రామాంజినమ్మ తనతో చెప్పినట్టు పాలప్యాకెట్ల జ్యోతిలక్ష్మి పొద్దున్నే వీధంతా చెప్పేసింది. రామాంజినమ్మది నరేంద్ర ఇంటికి పక్కిల్లు. ముందురోజు సాయంత్రం మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తూ కళ్లారా చూసిందట.

"టూత్‌బ్రష్షును రంపంతో కోస్తాండాడంటక్కా! పిడి కోసి పారేసి, కుచ్చుండే ముక్క మాత్రం దాచిపెట్టుకున్యాడంట. అది సాలదన్నట్టు డ్రాయర్ను తక్కెట్లో ఏసి తూచినాడంట. భాగాలు పంచుకునేటప్పుడు గాకుంటే ఎవురన్నా డ్రాయర్లు తూస్తారా?"

జ్యోతిలక్ష్మి చెప్పినదాంట్లో వెళ్లగొట్టడం ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజం. బ్రష్షు కోసినమాట నిజం, డ్రాయరు తూచినమాట నిజం. రామాంజినమ్మ కాస్త ముందే బట్టలు తీసుకుని దిగిపోయింది గానీ, ఇంకో గడియ నిలబడి ఉంటే సబ్బుబిళ్లను చాకుతో నాలుగు ముక్కలు చేయడం కూడా చూసేది.

నరేంద్ర ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో గుమాస్తా. తెల్లగుడ్డ పరిచిన అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు విప్పడం, మడవడం అతని పని. కూర్చున్న పనికి పొట్ట వచ్చింది, పొట్ట వెనకే షుగరు వచ్చింది, షుగరును చూసిన డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. అలా కొన్న గేర్ల సైకిలు అతణ్ణి తీసుకుపోయి అనంతపురంలోని ఒక సైకిలు బృందంలో చేర్చింది. వాళ్లు నెలకోసారి సైకిళ్ల మీద ఏ గుట్టకో వంకకో పోయి, గుడారాలు వేసుకుని పడుకుని, తెల్లారి తిరిగొస్తారు. ఇంట్లో ఫ్యాను పెట్టుకుని బండల మీద పడుకోవడం ఎందుకో ధర్మవరంలో ఎవరికీ అర్థం కాలేదు. పొద్దస్తమానం పైకప్పు కింద కూర్చునే నరేంద్రకు మాత్రం బాగా అర్థమైంది.

బృందానికి పెద్ద కృపాకుమారి. ఆసుపత్రిలో నర్సు. మనిషి బక్కపలచన, మాట ఉక్కు. ఆమె దగ్గర ఒక కొక్కెం త్రాసు ఉంది. గుడారం, పక్క, తిండి అన్నీ కలిపి ఎనిమిది కిలోలు దాటిన వాళ్లను రాత్రి బసకు ఉండనివ్వదు. "బరువు మోసేటట్టయితే లారీ తోలుకో అన్నా, సైకిలెందుకు?" అంటుంది.

మొదటి ప్రయాణంలోనే నరేంద్ర పరువు పోయింది. ఆ తప్పు అతనిది కాదు, ఆ సీమ ఆచారానిది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదిలే మనిషిని అక్కడ మనిషిగా చూడరు, ఖాళీగా పోతున్న బండిగా చూస్తారు. "ఎట్లాగూ పోతాండావు గదా, ఇది మా పాపకు ఇచ్చిపో" అన్నమాటకు కాదన్నవాడు పుట్టలేదు. పుట్టినా వాడికి పిల్లనిచ్చిన వాళ్లు లేరు. ఆ రోజు బత్తలపల్లె చేరేసరికి నరేంద్ర సైకిలు మీద చింతపండు బుట్ట, విసనకర్రల కట్ట, కొత్త రోకలి, కాళ్లు కట్టిన కోడిపుంజు చేరాయి. ఊరు దాటగానే వెనక చక్రం పేలింది. పుంజుతో సహా ఆటో ఎక్కి ఇంటికి వచ్చాడు. అప్పట్నుంచి అంగట్లో అందరికీ అతను ఆటో నరేంద్ర. చీర కొనడానికి వచ్చిన బేరగాళ్ల ముందు కూడా అలాగే పిలుస్తున్నారు.

కృపాకుమారి ఇంకో అవకాశం ఇచ్చింది. ఈసారి బస పామిడి దగ్గర పెన్న ఒడ్డున. "తూకం తప్పితే పేరు కొట్టేస్తానన్నా. మళ్లా అడగొద్దు" అని ముందే చెప్పింది. నరేంద్ర పండ్లు బిగించాడు. ఈసారి పెన్న అయినా చేరాలి, లేకపోతే సైకిలు అమ్మేసి ఆటో నరేంద్రగానే అరుగు మీద చావాలి.

అందుకే వారం రోజులుగా ఇంట్లో తక్కెడ దించలేదు. గుడారం కొనలేదు, వేరుశనక్కాయలు ఆరబోసే ప్లాస్టిక్ పట్టను సగానికి కోశాడు. పట్టుచీరను చిన్న పెట్టెలో ఇమిడ్చే చేతులు అవి. పట్టను, దుప్పటిని అంచు మీద అంచు వేసి మడిచి, మోకాలితో నొక్కి, సైకిలు వెనక బిగిస్తే ఎంగేజిమెంటు చీరలా కుదురుగా కూర్చుంది. ఫోనుకు బలమిచ్చే పవర్ బ్యాంకు ఇటుకంత బరువుందని ఇంట్లోనే వదిలేశాడు; ఫోను ఆపేసి, బస చేరాక తెరవాలని నిర్ణయం. తిండికి వేయించిన రాగిపిండి, బెల్లం. అల్యూమినియం చెంబులో పిండి పోసి, దుమ్ము పడకుండా అంగట్లోంచి తెచ్చిన తెల్లగుడ్డ మూతికి కట్టి, ఆ గుడ్డ కొసలనే ముడివేసి ముందు హ్యాండిలుకు వేలాడదీశాడు. అయినా తూకం ఒకింత ఎక్కువే చూపించింది. నరేంద్ర ఆలోచించి ఆలోచించి, మంగలి అంగడికి పోయి గుండూ మీసమూ గీయించుకుని వచ్చాడు.

త్రివేణి మొగుణ్ణి చూసి చేట కింద పడేసింది.

"మామ కదిర్లో గట్టిగా తిరుగుతాంటే మీసం తీసినావా? నాయన బతికుండంగ ఎవురన్నా మీసం తీస్తారా?"

"మీసముంటే కత్తెర గావాల, జుట్టుంటే దువ్వెన, నూనె గావాల. అన్నీ మిగిల్నాయి గదే."

"మెదడు గూడా తీసి ఈడ్నే పెట్టిపోరాదా? ఇంగా తేలికైతావు."

"దాని తూకం తెలీక ఇడ్సినా."

ఆ సమయానికి నరేంద్ర తండ్రి అంజినప్ప ఇంట్లో లేడు. వారం కిందటే కదిరిలో కూతురింటికి పోయి ఉన్నాడు. ఉంటే ఆ మీసం గురించి రెండు మాటలు అనేవాడే. అంజినప్ప ఎప్పుడు మాట్లాడినా రెండు మాటలే, రెండూ తగిలేవే.

తెల్లవారుతుండగా నరేంద్ర బయలుదేరాడు. గాలి చల్లగా ఉంది. వాన కోసం నోరు తెరుచుకున్న శనగ చేల మధ్య రోడ్డు నున్నగా సాగింది. గుండుకు గాలి తగిలి ప్రాణం లేచి వచ్చింది. సైకిలు బరువే తెలియడం లేదు. ఒక్క భయమే మిగిలింది: బత్తలపల్లెకు ముందు రోడ్డు పక్కనే మేనమామ బాలప్ప ఇల్లు. పోయినసారి రోకలీ పుంజూ ఎక్కింది అక్కడే. ఆ ఇల్లు వచ్చే ముందు తల వంచి గట్టిగా తొక్కి దాటేయాలని అనుకున్నాడు.

అత్త తిమ్మమ్మ ఇంట్లో ఉంటే దాటేసేవాడే. ఆమె రోడ్డు మీదే ఉంది. కాళ్ల దగ్గర గోనెసంచి మూట. అందులో కారంపొడి, నెయ్యిడబ్బా, పైన తలకాయంత గుమ్మడికాయ. అనంతపురంలోని కూతురికి పంపడానికి బస్సు కోసం చూస్తోంది.

"ఒరే నరేంద్రా! దేవుడు తోలినట్టొచ్చినావు నాయనా. నిలుపు, నిలుపు. ఈ మూట రోంత మా పాపకు..."

మూట ఎత్తి రెండడుగులు వేసిన తిమ్మమ్మ అక్కడే ఆగిపోయింది. ముందు గుండు చూసింది. తర్వాత మీసం లేని మూతి చూసింది. ఆ తర్వాత హ్యాండిలుకు నేల తగలకుండా వేలాడుతున్న తెల్లగుడ్డ చెంబు చూసింది.

"యాడికిరా?"

"పామిడికత్తా. పెన్నకాడికి."

తిమ్మమ్మ చేతిలో మూట నేలకు జారింది. "అయ్యో దేవుడా! కదిరికి పోయినాడంటిరి గదరా. ఆడ్నేనా? ఎప్పుడురా?"

నరేంద్ర నోరు తెరిచాడు. మా నాయన కదిరిలో జొన్నరొట్టెలు తింటూ నిక్షేపంగా ఉన్నాడు అని చెప్పడానికి సరిపడా గాలి కూడా పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని చూపు గుమ్మడికాయ మీద పడింది. పీల్చిన గాలిని మెల్లగా వదిలేసి, తల వంచుకున్నాడు. నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదని తర్వాత ఎంతమందితో వాదించినా, తల వంచుకున్నమాట మాత్రం వాస్తవం.

తిమ్మమ్మ గోనెసంచిని వెనక్కి లాక్కుంది. కూతురు తినే నెయ్యిడబ్బాను అస్థికల పక్కన ఏ తల్లి కడుతుంది? "పో నాయనా, నిలబడాకు. ఆ కుండ పట్టుకోని ఇండ్ల ముందర నిలబడగూడదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలోనే ఏడుపు ఆపి, "సచ్చిపోయినప్పుడు చెప్పకుంటిరి, కాల్చినప్పుడు చెప్పకుంటిరి. మీ మామ ఉండాడా లేడా మీకు?" అంది. అప్పటికి నరేంద్ర మలుపు తిరిగాడు.

బస చేరగానే ఫోను తెరిచి అత్తకు నిజం చెప్పేయాలని, అందరూ కలిసి నవ్వుకోవచ్చని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. మనసు వెంటనే ఒప్పుకుంది. సైకిలు తేలిగ్గా ఉంటే మనసు దేనికైనా ఒప్పుకుంటుంది.

బత్తలపల్లెలో ఎరువుల అంగడి ముందు తెలిసిన రైతు ఒకడు చెయ్యెత్తాడు. అతని పక్కన కాలిపోయిన బోరుమోటారు ఉంది. "అనంతపురంలో వైండింగు అంగట్లో పారేసి పో అన్నా" అంటూ వంగి మోటారును పైకి లేపిన వాడు, చెంబును చూసి దించేశాడు. చెప్పులు విడిచి దండం పెట్టాడు. నరేంద్ర కూడా గంభీరంగా తల ఊపాడు. ఇంకొకడు కందిబేడల సంచితో రోడ్డు దాటి వచ్చి, అదే సంచితో మళ్లీ రోడ్డు దాటిపోయాడు. ఎదురొచ్చే ట్రాక్టర్లు పక్కకు జరిగి దారిచ్చాయి. పుట్టిన నాటి నుంచి ఆ రోడ్డు మీద తిరుగుతున్న నరేంద్ర, చేతిలో ఎవరి సామానూ లేకుండా అనంతపురం దాటడం అదే మొదటిసారి.

అనంతపురం దాటాక ఆకలైంది. రోడ్డు వారగా వేపచెట్టు కనిపిస్తే ఆగాడు. కింద ఎర్రచీమల బారు ఉంది. పిండికి చీమలు పడతాయని చెంబును కొమ్మకు తగిలించి, కాళ్లు చాపి, కాసేపయ్యాక గుడ్డ విప్పి, బెల్లంముక్క కొరుక్కుంటూ పిండిని పిడికిళ్లతో తినసాగాడు. వేయించిన రాగిపిండి బూడిద రంగులో ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. ఎదురుగా స్పీడుబ్రేకర్ ఉంది. పామిడి బస్సు అక్కడ నెమ్మదించింది. ఒక పక్క కిటికీల నిండా ముఖాలు అతుక్కుపోయాయి. తలకాయ గొరిగించుకున్న మనిషి, కొమ్మకు కట్టిన కుండ దించి, అందులోని బూడిద ఆవురావురుమని తింటున్నాడు. లోపల ఎవరో పెద్దగా కేక వేశారు. నరేంద్ర మర్యాదకు చెయ్యి ఊపాడు.

ఆ సీమలో వాన రావడానికి ఏళ్లు పడుతుంది గానీ చావు కబురు పోవడానికి నిమిషం పట్టదు. తిమ్మమ్మ మొగుడికి చెప్పింది, బాలప్ప ఫోను చేతికి తీసుకున్నాడు. బస్సులోని వాళ్లు పామిడి పక్క పల్లెల్లో దిగారు. రెండు కబుర్లూ చెరొక వైపు నుంచి వచ్చి కలిసేసరికి, నరేంద్ర జేబులో అతని ఫోను హాయిగా నిద్రపోతోంది.

పామిడికి కొంచెం ఇవతల ఒక పల్లె. రోడ్డుకు అడ్డంగా తిప్పన్న నిలబడి ఉన్నాడు. అంజినప్పకు చిన్ననాటి దోస్తు. ఇద్దరూ కలిసి ఒకప్పుడు ఊరూరా గొర్రెల బేరం చేసినవాళ్లు. తిప్పన్న వెనక పదిమంది, అందరి ముఖాలూ వాడి ఉన్నాయి. నరేంద్ర సైకిలు దిగకముందే తిప్పన్న వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

"మా కోడలు బస్సులోంచి చూసిందంట నాయనా. తిన్యావంట గదా." తిప్పన్న కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఎంత పేమున్నా అది తినగూడదప్పా."

నరేంద్ర కౌగిలి విడిపించుకున్నాడు. "మామా, అది రాగిపిండి!"

"ఊ."

"మా నాయన సచ్చిపోలేదు మామా. బతికే ఉండాడు."

"అట్లే అనుకోవాల నాయనా. యాడికి పోతాడు? మన మనసులో బతికే ఉంటాడు."

"మనసులో గాదు, కదిరిలో!"

తిప్పన్న వెనక్కి తిరిగి జనంతో మెల్లగా అన్నాడు. "మతి సలించింది. ఎవురూ ఎదురు మాట్లాడాకండి."

నరేంద్ర గుడ్డ విప్పి చెంబు వాళ్ల ముందు చాపాడు. లోపల బూడిద రంగు పొడి. పదిమందీ ఒకేసారి చెప్పులు విడిచి చేతులు జోడించారు. ఒక ముసలామె మాత్రం అనుమానంగా, "వీళ్లల్లో పూడుస్తారు గదా, కాల్చేదెప్పుడు పెట్టుకున్యారు?" అంది. "కూతురింటికాడ పోతే కూతురింటి పద్ధతే అవ్వా" అని ఎవరో అక్కడికక్కడే తీర్పు చెప్పారు. నరేంద్ర చెప్పని వివరాలు కూడా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

తిప్పన్నకు అసలు బాధ ఇంకొకటి ఉంది. "ఇప్పుడు పెన్నకు పోయి ఏం జేస్తావు నాయనా? ఆడ నీళ్లు యాడుండాయి? ఇసక తప్ప చుక్క లేదు. పోయిన నెల్లో మా సడ్డకుడు పోతే, వాని బూడిద గాలికి ఎగిరి మా మీదనే పన్యింది." అని రోడ్డు పక్కనే ఉన్న తన ఇంట్లోకి చూసి కేకేశాడు. లోపలి నుంచి మూత బిగించిన పెద్ద నీళ్ల క్యాను వచ్చింది. ట్యాంకరు వచ్చిన రోజు పట్టుకున్న మంచినీళ్లు. "అంజినప్పకు ఈమాత్రం చెయ్యకుంటే నేనేం దోస్తును? ఇసకలో పోసి, దాంట్లో కలుపు."

"మామా, నీళ్లు వద్దు. బరువు!"

"బరువే నాయనా. తండ్రి పోతే బరువు గాక ఏముంటాది?"

నలుగురు కలిసి క్యానును వెనక కట్టారు. వారం రోజులు తూచి మడిచిన ఎంగేజిమెంటు చీర కింద నలిగిపోయింది. క్యాను మీద కొబ్బరికాయలు, నువ్వులు, బొరుగుల సంచి, కొత్త పంచె చేరాయి. ముందు చక్రం గాల్లోకి లేచింది. ఏ బరువు తప్పించుకోవడానికి తల వంచాడో అంతకు నాలుగింతల బరువు మీద నరేంద్ర ఎక్కి కూర్చున్నాడు.

ఊరు దాటగానే నీళ్లు పారబోసేద్దామనుకున్నాడు. కానీ తిప్పన్న మోపెడ్డు వేసుకుని వెనకే వచ్చాడు. మతి చలించిన మనిషిని ఒంటరిగా పంపడానికి అతనికి మనసు ఒప్పలేదు. అతను రాకపోయినా పారబోసేవాడు కాడేమో. రోడ్డు పక్కన బిందెలు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం కూర్చున్న ఆడవాళ్లను దాటుకుంటూ పోవాలి. ఎండిన చేల మధ్య మంచినీళ్లు నేలపాలు చేసే ధైర్యం ఆ సీమలో పుట్టిన ఏ చేతికీ ఉండదు. నరేంద్ర పండ్లు కొరుక్కుని తొక్కాడు. మిట్ట వస్తే దిగి తోశాడు. చెమట గుండు మీంచి ముక్కు మీదికి కారింది. దాన్ని చూసి తిప్పన్న వెనక నుంచి, "ఏడువు నాయనా, ఏడిస్తే తేలికైతావు" అన్నాడు.

పొద్దు వాలుతుండగా పెన్న వచ్చింది. కనుచూపు మేర ఇసుక. ఒడ్డున తుమ్మచెట్టు కింద ఏడెనిమిది సైకిళ్లు, రంగురంగుల చిన్న గుడారాలు. చెట్టుకొమ్మకు కృపాకుమారి కొక్కెం త్రాసు వేలాడుతోంది. నరేంద్ర సైకిలును ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చి ఆమె ముందు పడేశాడు. ఆమె క్యానును, కొబ్బరికాయలను, గుండును, మోపెడ్డు మీది ముసలాయనను వరసగా చూసింది.

"ఇదేందన్నా?"

"తూకం ఎయ్యొద్దు మేడమ్. నేనే పోతా. పేరు కొట్టెయ్." నరేంద్ర ఇసుకలో కూలబడ్డాడు. ఆటో నరేంద్ర అనే పిలుపు చెవుల్లో వినబడుతోంది.

కృపాకుమారి త్రాసు వైపు చూడలేదు. క్యాను వైపే చూస్తోంది. "అన్నా, అవి నీళ్లా?"

మంచినీళ్లు మోస్తే తూకం పెరుగుతుందని, పెన్నలో తోడుకోవచ్చని బృందం మొత్తం చిన్న సీసాలతో వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఇసుకలో గుంతలు తవ్వుతున్నారు. మోచేయి లోతు తవ్వినా తడి తగల్లేదు. సీసాలు ఎండిపోయాయి. ఒక లెక్చరరు నాలుక బయటపెట్టి గుడారంలో పడుకుని ఉన్నాడు.

కృపాకుమారి క్యానును తనే విప్పి పక్కన పెట్టింది. కొబ్బరికాయలు, నువ్వులు, పంచె తీసేసింది. మిగిలిన పట్ట, దుప్పటి, చెంబు అన్నీ కొక్కేనికి తగిలించింది. ముల్లు ఎనిమిదికి ఇవతలే ఆగింది.

"నీళ్లు లగేజీ గాదన్నా. నీళ్లు నీళ్లే" అంది. "పాసైనావు."

అందరూ చప్పట్లు కొట్టారు. లెక్చరరు కూడా లేచి వచ్చి ఒక చేత్తో చప్పట్లు కొట్టి రెండో చేత్తో గ్లాసు చాపాడు. తన దోస్తు అస్థికల కోసం తెచ్చిన నీళ్లను పరాయివాళ్లు గటగట తాగేస్తుంటే తిప్పన్న మోపెడ్డు పట్టుకుని కళ్లప్పగించి చూశాడు. నరేంద్ర గుండు మీద ఎండ ఆఖరి వెలుగు పడి మెరిసింది. రేపు అంగట్లో అరుగు మీద ఎలా కూర్చోవాలో, మొదటి మాట ఏం చెప్పాలో కూడా అనుకున్నాడు.

అప్పుడే ఒడ్డు మీద టెంపో ఆగింది.

ముందు బాలప్ప మామ దూకాడు. తర్వాత తిమ్మమ్మత్త, ఆమె వెనక త్రివేణి, ఆ వెనక బంధువులు. ఎవరూ ఏడవడం లేదు. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న. చివరికి డ్రైవరు చెయ్యి అందిస్తే, పంచె కుచ్చెళ్లు పట్టుకుని, నింపాదిగా అంజినప్ప దిగాడు.

తిప్పన్న మోపెడ్డు పక్కకు ఒరిగింది, దాని పక్కనే తిప్పన్న కూర్చుండిపోయాడు.

జరిగిందేమంటే, చావు కబురు చెప్పలేదన్న కోపంతో బాలప్ప కదిరికి ఫోను చేశాడు. "మీ నాయన పోతే మాకు చెప్పేది లేదా?" అని అరిస్తే, అవతల నుంచి అంజినప్పే, "నాకు గూడా ఎవురూ చెప్పల్యా బాలప్పా" అన్నాడు. అంతటితో ఆగిపోవాల్సిన మాట. కానీ తిమ్మమ్మ కుండను కళ్లారా చూసింది. అంజినప్ప బతికుంటే మరి ఆ కుండలో ఉండేది ఎవరు? అది రాగిపిండేనని త్రివేణి చెప్పినా, రాగిపిండికి గుండెందుకని ఎవరూ నమ్మలేదు. బంధువుల్లో పెద్దవాళ్లందరికీ ఒక్కొక్కరికే ఫోన్లు చేశారు. అందరూ పలికారు. నరేంద్ర ఫోను ఒక్కటే పలకలేదు. దాంతో అంజినప్ప కదిరి నుంచి బస్సెక్కి అనంతపురం వచ్చాడు, మిగతావాళ్లు టెంపో మాట్లాడుకుని అక్కడ అతణ్ణి ఎక్కించుకున్నారు. కుండలో ఎవరున్నారో చూడాలన్న ఆత్రం అందరికంటే అంజినప్పకే ఎక్కువగా ఉంది.

"ఏదిరా ఆ కుండ?" అన్నాడు బాలప్ప.

నరేంద్ర చెంబు తెచ్చి ఇచ్చాడు. అంజినప్ప గుడ్డ తీసి, చిటికెడు పొడి తీసుకుని వాసన చూసి, నాలుక మీద వేసుకున్నాడు. తిమ్మమ్మ కళ్లు మూసుకుంది.

"రాగిపిండి" అన్నాడు. "రోంత మాడింది."

బాలప్పకు పట్టరాని కోపం వచ్చింది. చావు చెప్పలేదని రగిలిన మనిషికి ఇప్పుడు చావే లేదని తెలిసింది. "పనులిడ్సి పెట్టి ఇంతమంది వచ్చినాము గదరా! మీ అత్త అడిగినప్పుడు లేదని ఒక్క మాట చెప్పుంటే నోరు పడిపోతాండెనా?"

"పోయినాడని నేను చెప్పల్యా మామా! తల వంచుకున్యా, అంతే."

"యాల వంచినావు?"

నరేంద్ర త్రివేణి వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కృపాకుమారి వైపు చూశాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇక చెప్పక తప్పలేదు.

"అత్త చేతిలో గోనెసంచి మూట ఉండె మామా. నెయ్యిడబ్బా, కారంపొడి, ఇంత లావు గుమ్మడికాయ. నాయన పోలేదంటే సైకిలు పైన కట్టేస్తాది. ఎనిమిది కిలోలు దాటితే పేరు కొట్టేస్తారు. నాయన పోయినాడనుకుంటే మూట ఇయ్యరు గదా అని..." మాట మెల్లగా ఇసుకలోకి ఇంకిపోయింది. చివరికి తండ్రి వైపు తిరిగి, "ఆ ఒక్క మూట కోసరమే నాయనా" అన్నాడు.

అంజినప్ప వేళ్లకంటిన పిండిని పంచెకు తుడుచుకున్నాడు. త్రివేణిని చూశాడు, బాలప్పను చూశాడు, తిమ్మమ్మను చూశాడు. తర్వాత కొడుకు గుండు వైపు తిరిగాడు.

"ఒక మూట తప్పించుకునేదానికి నన్ను సంపినావు, సరే. ఇంగో మూట ఇచ్చింటే ఎవుర్ని సంపుతాంటివిరా?"